వంత పలికిన పరీక్ష

మొదటి వారం

ఈ దినచర్య రోజూ రాయాలట. రాయకపోతే మార్కులు కోస్తారట. "కళాకారిణిగా మీ అంతరంగ ప్రయాణాన్ని నమోదు చేయండి" అని పాఠ్యప్రణాళికలో ఉంది. అంతరంగం మాట దేవుడెరుగు, ముప్పై ఏళ్లుగా ఒళ్లంతా ప్రయాణంలోనే ఉంది. ఈ ఓడ భూమిని వదిలేనాటికి నాకు పద్నాలుగేళ్లు. కిటికీలోంచి చూస్తే అప్పుడూ చీకటే, ఇప్పుడూ చీకటే. ఇంతకుమించి రాయడానికి ఏముంది?

సరే, పద్ధతి ప్రకారం రాస్తాను. నా పేరు వరహాలమ్మ. పొద్దున పుట్టగొడుగుల మడులు తడుపుతాను, మధ్యాహ్నం గాలి జల్లెడలు కడుగుతాను, సాయంత్రం భోజనశాలలో బుర్రకథ చెబుతాను. నాతోపాటు నా ఆడపడుచు నూకరత్నం కూడా ఈ కోర్సులో చేరింది. కథకురాలు నేను, వంత అది. నేను చరణం పాడి ఆగితే అది "తందాన తానా" అని అందుకోవాలి. నేను రాజుగారిని సింహాసనం మీద కూర్చోబెడితే అది "ఆయనగోరు పళ్లు తోముకున్నారేటి?" అని అడ్డం పడాలి. జనం నవ్వేది దాని మాటకు, దండం పెట్టేది నాకు. ఇరవై ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది.

రెండో వంత మా ఆయన గవర్రాజు. నాలుగేళ్ల కిందట ఓడ పైపెంకుకు మరమ్మతు చేయడానికి బయటికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన స్థానంలో విద్యాశాఖవారు ఒక యంత్రాన్ని ఇచ్చారు. నేను ఊపిరి తీసుకునే లోపే అది తందాన అనేసేది. వారం భరించి, నూకరత్నం దాని మీద గిన్నెలు బోర్లించడం మొదలుపెట్టింది. ఇప్పుడు అది మా ఇంట్లో గిన్నెల స్టాండు.

ఈ వయసులో మాకు పీజీ చదువు ఎందుకంటారా? ఓడలో మూడు ఆకుతోటలు ఉండేవి. మేం పీల్చే గాలి వాటి నుంచే వస్తుంది. ఒక తోటకు బూజు తగిలి మొత్తం చచ్చిపోయింది. మిగిలిన గాలి ఇంతమంది మేలుకుని తిరగడానికి చాలదు. కాబట్టి కొంతమందిని నిద్రపెట్టెల్లో పడుకోబెడతారు. పెట్టెలో పడుకున్నవాళ్లు మళ్లీ లేచేది ఓడ చేరాకే, మధ్యలో లేపితే మనిషి దక్కడు. చేరడానికి ఇంకా నలభై ఏళ్లు ఉంది. ఎవరు మేలుకుని ఉండాలి, ఎవరు పడుకోవాలి అన్నది అర్హతను బట్టి చూస్తారు. కథలు చెప్పేవాళ్ల ఉద్యోగానికి అర్హత, సృజనాత్మక కళల్లో పోస్ట్‌గ్రాడ్యుయేషన్. అదీ సంగతి.

చేరేటప్పుడు బాండ్ మీద సంతకం పెట్టించుకున్నారు. దాన్ని చదివి పెట్టామా అంటే, లేదు. పక్కన టీ ఇస్తున్నారని నూకరత్నం తొందరపెట్టింది.

మూడో వారం

ఈ రోజు వృత్తి ప్రణాళిక క్లాసు. చెప్పేది సౌదామిని గారు. కళల విభాగానికి పెద్ద. మెత్తని మనిషి, కోప్పడటం చేతకాదు. తెల్లచీర, చిన్న గొంతు.

"వచ్చే పదేళ్లలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని అడిగారు.

"ఇక్కడే నండి. ఎక్కడికి పోతాం, తలుపు తీస్తే సస్తాం కదా" అంది నూకరత్నం.

క్లాసంతా పడీపడీ నవ్వింది. సౌదామిని గారూ నవ్వారు. తరువాత నిదానంగా ఒక మాట చెప్పారు. చివరి పరీక్షలో ప్రతి ఒక్కరూ సొంత పని చూపించాలి. ఒక్కరే నిలబడి, ఒక్కరే చేయాలి. మూడో మనిషి కాదు కదా, రెండో మనిషి చెయ్యి కూడా పడకూడదు. హాల్లో యంత్రం ఉంటుంది, అంతా నమోదు చేస్తుంది.

"మరి వంతకి సొంత పనేటుంటాదండి? ఎవులో ఒకలు అంటే కదా నాను మాటాడేది" అని నూకరత్నం అడిగింది.

"అదే మీరు కనిపెట్టాలమ్మా" అన్నారావిడ. ఆ మాట ఆవిడ వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అది మంచి పాఠమని ఆవిడ నమ్మకం.

ఇంటికి వస్తూ నూకరత్నం ఒక్క ముక్క మాట్లాడలేదు. అది నోరు మూసుకుంటే నాకు భయం. పుట్టి బుద్ధెరిగాక అది నోరు మూసుకున్నది వాళ్ల అన్న పోయిన వారం మాత్రమే.

ఏడో వారం, పుట్టగొడుగుల కోత

కోతకు కోత, పాఠానికి పాఠం. మడి మధ్య నిలబెట్టి దానిచేత ఒంటరి కథ చెప్పిస్తున్నాను. బాగా చెబుతుంది. నాకంటే బాగా చెబుతుంది, ఈ మాట దాని ముందు అంటే నెత్తికెక్కుతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చిక్కంతా ఒకటే. చరణం పూర్తయ్యేసరికి దాని మెడ నా వైపు తిరుగుతుంది. తిరిగి, ఆగిపోతుంది.

"ఎందుకే ఆగావు?"

"నాను నిన్ను సూడకుండా ఎలగ? నా ముక్క అయిపోనాక ఎవులో ఒకలు ఏదో అనాల కదా వదినా. అనకపోతే అది అయినట్టు నాకెలా తెలుత్తాది?"

"గుటక మింగు. మింగి ముందుకు పో."

"ఎంతకని మింగను? కడుపు నిండిపోనాది."

తిట్టాను. బతిమాలాను. చివరికి గోడ వైపు తిప్పి నిలబెట్టాను. గోడకు చెబితే కొంచెం నయం. గోడ ఎలాగూ పలకదని దానికి తెలుసు కదా. ఇలా వారం పాటు గోడకు చెప్పించి, తరువాత బకెట్లకు చెప్పించి, ఆ తరువాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పమన్నాను. నేను మూతి బిగించుకుని కూర్చున్నాను. మా ఇద్దరిలో ఎవరికి కష్టమైందో చెప్పలేను. తందాన తానా అన్నది పన్నెండేళ్లప్పటి నుంచి నా నోట్లో నానిన మాట. అవతలివాళ్లు ఆగితే పలకాలి, పలకకపోతే కథను చంపినట్టు అని మా గురువు చెవి మెలిపెట్టి మరీ నేర్పించాడు. కథకురాలిని కాకముందు నేనూ వంతనే కదా.

మొత్తానికి ఈ రోజు ఆగకుండా చివరిదాకా చెప్పింది. సంతోషం పట్టలేక ఇద్దరం ఒక పుట్టగొడుగుల గంప నేలపాలు చేశాం.

కథ ఏమిటంటే చెప్పదు. నా దగ్గర సాధన చేసింది ఏదో పాత రాజుల కథ. పరీక్షకు వేరే అల్లుతున్నానంది. "నువ్వు ముందే ఇంటే దిద్దేత్తావు. అప్పుడది సొంతం కాదు" అంది. నిబంధనలు నాకంటే బాగా వంటబట్టాయి దానికి.

పదకొండో వారం

నా పరీక్ష అయింది.

హాలు నిండా జనం. ఓడలో వినోదం తక్కువ, పరీక్ష కూడా వినోదమే. జనం నిశ్శబ్దంగా ఉండాలని ముందే చెప్పారు. నేను తంబుర భుజాన వేసుకుని ఒక్కదాన్నే నిలబడ్డాను. పక్కన మనిషి లేకుండా బుర్రకథ చెప్పడమంటే ఒంటిచేత్తో చీర కట్టుకోవడమే. కట్టుకున్నాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగలేదు. ఆగకుండా దౌడు తీయించాను.

రెండుచోట్ల మాత్రం అలవాటు కొద్దీ ఆగిపోయాను. అప్పుడు మూడో వరుసలో ఉన్న నూకరత్నం వైపు చూశాను. అది కొంగు మొత్తం నోట్లో కుక్కుకుని ఉంది. బుగ్గలు ఉబ్బిపోయాయి, కళ్లలో నీళ్లు. చూసి నవ్వొచ్చింది, నవ్వును మింగి ముందుకు వెళ్లిపోయాను.

పాసయ్యాను. సౌదామిని గారు చెయ్యి పట్టుకుని అభినందించారు. కథాకారిణి గ్రేడ్ రెండు, వచ్చే నెల నుంచి. గది కూడా మారుస్తారట, కిటికీ ఉన్న గది ఇస్తారట.

"ఇద్దరికీ సరిపడే గదేనాండీ?" అని అడిగాను.

"ఆమె పరీక్ష కూడా కానివ్వండి" అన్నారు.

పన్నెండో వారం

ఎలా రాయను? రాయకపోతే మార్కులు పోతాయన్న బెంగ ఇప్పుడు లేదు. అయినా రాస్తున్నాను, ఎవరికైనా చెప్పుకోవాలి కదా.

నూకరత్నం వేదిక ఎక్కింది. నన్ను మూడో వరుసలో కూర్చోమంది, తను కూర్చున్న కుర్చీలోనే. "బేగి అయిపోద్దిలే వదినా" అని నాకే ధైర్యం చెప్పి వెళ్లింది.

మొదలుపెట్టింది. వాళ్ల అన్న కథ. మా ఆయన కథ.

ఏమీ ఏడుపు లేదు దాంట్లో. ఆయన గురక పెడితే పక్కగదివాళ్లు ఇంజను చెడిపోయిందనుకుని ఫిర్యాదు చేయడం, పుట్టగొడుగులంటే అసహ్యంతో వాటిని లుంగీలో దాచి తెచ్చి నా పళ్లెంలో వేయడం, పెళ్లిచూపుల్లో నన్ను చూడటం మానేసి ఉప్మా వైపు చూడటం. జనం గుక్క తిప్పుకోకుండా నవ్వారు. నవ్వడానికి అభ్యంతరం లేదు, నవ్వు పని కిందికి రాదట. ఎక్కడా ఆగలేదది. గుటక మింగుతోంది, సాగిపోతోంది. నా గుండె కుదుటపడింది. అయిపోతుంది, గట్టెక్కుతుంది అనుకున్నాను.

చివరికి ఆయన్ను మరమ్మతు పనికి బయల్దేరదీసింది.

"తొడుగు తొడుక్కున్నాడు మా అన్నియ్య. తలుపు తీసినాడు. బయటికి కాలెట్టినాడు. కాలెట్టి, ఒక్కసారి ఎనక్కి సూసినాడు..."

ఆగింది.

గోడలకు చెప్పినప్పుడు ఈ కథ లేదు కదా. ఈ చోటు దానికి కొత్త. మెడ తిరిగింది. వేదిక మీద రోజూ నేను నిలబడే ఎడమ వైపు కాదు, నేరుగా కుర్చీలో ఉన్న నా వైపు. నోరు తెరుచుకునే ఉంది, మాట రావడం లేదు.  యంత్రం మీద పచ్చ దీపం వెలుగుతోంది. సౌదామిని గారు కాగితం మీది నుంచి తలెత్తారు.  నూకరత్నం అక్కడే పడిపోతుందేమో అనిపించింది నాకు.

"తందాన తానా."

అన్నది నేనే. నా గొంతు నా చెవిన పడ్డాక గాని నేనన్నానని నాకు తెలియలేదు.

దాని మొహం విచ్చుకుంది. భుజాలు దిగాయి. ఒక్క ఊపులో అందుకుంది, "ఎనక్కి సూత్తే ఏటున్నాది బాబూ! ఓడంతా దీపాలు! దీపానికో మనిసి! ఇంతమంది ఉన్నారు, నానొక్కడినీ బయటికెల్తే ఏటి పోయిందని ఎల్లిపోనాడు మా అన్నియ్య!" అంది. ఇక అక్కడి నుంచి అది కథ చెప్పలేదు, జనాన్ని ఎత్తి పట్టుకుంది. ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. నాలుగేళ్లుగా రాని ఏడుపు నాకు ఆ కుర్చీలో వచ్చింది.

చప్పట్లు ఆగాక చూస్తే, యంత్రం మీద దీపం ఎర్రగా ఉంది.

మర్నాడు

సౌదామిని గారి గదికి వెళ్లాను. బుద్ధిలేక అన్నాను, అలవాటులో వచ్చింది, ఒక్క మాటే కదా, ఆ మాటకు అర్థం కూడా లేదు కదా అన్నాను. కాళ్లు పట్టుకోబోతే ఆవిడే వంగి లేపారు.

"వరహాలమ్మా, ఒక్క మాటే అయితే నేను యంత్రంతో పోట్లాడేదాన్ని. నమోదు మూడుసార్లు విన్నాను. మీరు పలకక ముందు ఆమె ఆగిపోయింది. మీరు పలికాక వచ్చినదే అసలు కథ. అది ఆమె ఒక్కదాని పని అని నేను ఎలా రాయను?"

"మళ్లీ పరీక్ష పెట్టండి."

"పెట్టేది వచ్చే బ్యాచ్‌తో. అప్పటికి రెండో తోటకూ బూజు పాకి సగమే ఉంటుందని చెబుతున్నారు. పడుకోబెట్టడం ఈ నెలలోనే పూర్తి చేయాలి."

"అయితే నా డిగ్రీ దానికి రాయండి. నేను పడుకుంటాను."

"డిగ్రీ ఇంకొకరికి రాయలేనమ్మా."

"పోనీ, నన్నూ దాంతోపాటు పడుకోబెట్టండి. నాకు గ్రేడూ వద్దు, కిటికీ వద్దు."

 ఆవిడ నా బాండ్ తీసి చూపించారు. అర్హత సంపాదించినవాళ్లు ఓడ చేరేవరకు మేలుకుని పనిచేయాలి. ఇంత చదివించిన మనిషిని పెట్టెలో పెడితే చదివించి ఏం లాభం అని ఓడవారి లెక్క. కథ చెప్పేవాళ్లలో పాసైంది నేను ఒక్కదాన్నే. నేనూ పడుకుంటే భోజనశాలలో ఇక యంత్రమే కథ చెప్పాలి.

"మేలుకుని ఉన్నవాళ్లకు మీరు కావాలి" అన్నారు సౌదామిని గారు. ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి. తిట్టడానికి ఒక దుర్మార్గురాలు దొరికినా బాగుండేది నాకు.

అదే వారం

నూకరత్నం రెండు రోజులు నవ్వుతూనే తిరిగింది. "పోన్లే వదినా, నువ్వు అనకపోతే నానక్కడే కొయ్యలాగ నిలబడిపోదును" అంది. దాని చీరలు మడతపెట్టింది, నా చీరలు కూడా మడతపెట్టింది. యంత్రం మీది గిన్నెలన్నీ తోమింది. నాకు కొంచెం ఊపిరాడింది.

ఈ రోజు జల్లెడలు కడుగుతుండగా ఉన్నట్టుండి జల్లెడ విసిరికొట్టింది.

"నీ పరీచ్చలో నాను కొంగు నోట్లో కుక్కుకున్నానే! ఊపిరాడక సచ్చిపోతానేమో అనిపించినాది. అయినా కుక్కుకున్నాను. నువ్వెందుకు కుక్కుకోలేకపోనావు? చెప్పు! ఎందుకు కుక్కుకోలేకపోనావు?"

నేనేం చెప్పను? నీ మొహం చూసి తట్టుకోలేకపోయానని చెప్పనా? అది నా మొహం చూసి తట్టుకుంది కదా. నిన్ను కాపాడాలనుకున్నానని చెప్పనా? తడిచేతులతో నిలబడిపోయాను. నీళ్లు కాలవలో పోతున్నాయి, కుళాయి కట్టేయాలని కూడా ఇద్దరికీ తోచలేదు. నీటి కాపలా అతను వచ్చి కేకలేసి కట్టేశాడు.

కాసేపటికి అదే వచ్చి నా పక్కన చతికిలబడింది. "ఏడవకు. నాను ఏడవాల గానీ నువ్వేడుత్తావేటి" అంది. ఇద్దరం ఏడ్చాం.

నిద్ర రోజు

పెట్టెల వసారాకు పొద్దున్నే పిలిచారు. అక్కడ పని చూసేవాడు జోజప్ప. రోజుకు ఎంతోమందిని పడుకోబెడుతున్నాడు పాపం, అందరితోనూ ఒకే మర్యాదగా మాట్లాడుతున్నాడు. "అమ్మా, చెవుల కమ్మలు తీసేయాలి. చల్లదనానికి చెవికి పట్టేసుకుంటాయి" అన్నాడు. నూకరత్నం తీసి నా చేతిలో పెట్టింది.

పెట్టెలో కూర్చుని ఇటూ అటూ చూసింది. "బాగుందే, మన గది కంటే ఇసాలంగా ఉన్నాది. గ్రేడ్ రెండు అని నీకు ఇంత జాగా ఇచ్చినారేటి?" అంది. జోజప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. వాళ్లూ పడుకోబోయేవాళ్లే.

జోజప్ప దాని చేతికి సూది గుచ్చాడు. దాని కళ్లు మెల్లగా బరువెక్కుతున్నాయి. నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, నాను లేసేతలికి ఇలాగే ఉంటానంట కదా?"

"ఇలాగే ఉంటావంట. ఒక్క వెంట్రుక నెరవదంట."

"మరి నువ్వు?"

"నేను ముసిలిదాన్నవుతాను. నీకు నీళ్లు మోసే పని తప్పదు."

నవ్వింది. నవ్వుతూనే నా చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"ఉంటావా?"

"ఉంటాన్లే."

"ఒట్టు?"

"ఒట్టు."

మా పుట్టింటివైపు అరవై దాటి బతికినవాళ్లు ఒక్కరూ లేరు. నలభై ఏళ్ల తరువాత నాకు ఎనభై నాలుగు. ఈ ఓడలోనే మా అమ్మ పోయినప్పుడు ఒళ్లు కడిగి కొత్త చీర కట్టింది ఈ నూకరత్నమే. దానికి అంతా తెలుసు. తెలిసి కూడా నా మొహంలోకి చూసి, "సర్లే అయితే" అని కళ్లు మూసుకుంది.